చిటికె చెయ్యి తప్పకూడదు

జూన్ 9

అక్కా,

ఇది నా అక్షరమే. కోడి గెలికినట్టుందని నవ్వకు. ఇక్కడి ఆస్పత్రిలో చేతి డాక్టరమ్మ రోజుకో పేజీ కుడిచేత్తోనే రాయాలంది. ఏం రాయనమ్మా అంటే, ఫోన్ పక్కన పడేసి ఎవరికైనా ఉత్తరం రాయవయ్యా అంది. నేను ఉత్తరం రాసేంత మనిషివి నువ్వొక్కదానివే. ఫోన్లో అయితే నువ్వు 'ఎలా ఉందిరా' అంటావు, నేను 'బానే ఉంది' అంటాను, అక్కడితో సరి. కాబట్టి భరించు.

చూపుడువేలు, మధ్యవేలు, మిషను మిగిల్చిన మేరకు వంగుతున్నాయి. బొటనవేలికి మాత్రం అందడం లేదు. పొద్దున్నంతా బట్టలారేసే క్లిప్పులు తాడుకి తగిలించడం, తియ్యడం. ఇనుము చెక్కే లేతు మీద వెంట్రుకవాసి తేడా రానివ్వనివాణ్ణి, ఇప్పుడు క్లిప్పు జారిపోతే పక్క మంచం పెయింటరు ఏరి ఇస్తున్నాడు. ఆయన పరంజా మీంచి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. మంచివాడే, నోరు మాత్రం మూతపడదు.

ఆదివారం సాయంత్రమయ్యేసరికి ముఖం వేలాడేస్తావేంటయ్యా అని నిన్న ఆయనే అడిగాడు. మా ఇంట్లో ఆట ఆడే వేళ అది అన్నాను. పేకాటా అన్నాడు. కాదు, మా అక్క ఒక కథ నడుపుతుంది, మేం తలా ఒక మనిషిగా ఆ కథలోకి దిగుతాం అని చెప్పాను. మా బావ పిరికి వర్తకుడు, పక్కింటి టైలరమ్మ కత్తి పట్టిన సన్యాసిని, నేను చిటికె అనే దొంగని, ఏ తాళమైనా చిటికెలో తీస్తాను అన్నాను. 'అయితే నీ ఇష్టమొచ్చినట్టు చేసెయ్యొచ్చన్నమాట' అన్నాడు. చేస్తానని చెప్పడం వరకే నా ఇష్టం, జరుగుతుందో లేదో ఇరవై ముఖాల పాచిక చెబుతుంది, ఎంత పడాలో అక్క ముందే అంటుంది, తక్కువ పడితే నా గతి అంతే అన్నాను. ఆయన చేతికట్టు సర్దుకుని, 'బయట ఉన్నదీ అదేగా, దానికి ఆటెందుకు' అన్నాడు.

ఆ మాట నన్ను పట్టుకుని వదల్లేదు. అందుకే ఒక కోరిక. చిటికె ఏం చేస్తాడో నేను ఉత్తరంలో రాస్తాను, నువ్వు ఆటలో నడిపించు. కానీ తాళాల దగ్గర పాచిక వద్దు. వాడు తాళం మీద చెయ్యేస్తే అది తెరుచుకోవాలి. మిగతా వాటికి ఏ రూలైనా పెట్టు, నూతిలోకి తొయ్యి, కుక్కల్ని వదులు. చెయ్యొక్కటి మాత్రం తప్పకూడదు. రూల్సన్నీ పెట్టింది నువ్వేగా అని ఎత్తిపొడుస్తావని తెలుసు. పెట్టినప్పుడు నాకు వేళ్ళున్నాయి.

నీ తమ్ముడు


జూన్ 14

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం చదవడానికి నా కళ్ళజోడు, మీ బావ కళ్ళజోడు రెండూ కావాల్సొచ్చాయి. అయినా ఒక్క ముక్క వదల్లేదు. రెండోసారి నేనొక్కదాన్నే చదువుకున్నాను.

ఇక్కడ బస్టాండు మైకు గదిలో ఫ్యాను చచ్చింది. చెమటలు కక్కుతూ 'ప్రయాణికులకు విజ్ఞప్తి' అంటున్నాను. మొన్న ఒక బస్సు ఇంజను ఆగి దారిలో పడుంటే, మా కంట్రోలరు 'మరికొద్దిసేపట్లో వచ్చును' అనమన్నాడు. అంటూనే ఉన్నాను. ఒక పెద్దాయన కిటికీ దగ్గరికొచ్చి, 'అమ్మా, నీ కొద్దిసేపు ఎంతసేపమ్మా' అని అడిగాడు. మైకు సర్దుకున్నట్టు నటించాను.

నీ కోరిక ఆదివారం అందరి ముందూ పెట్టాను. మీ బావ ఆర్టీవో ఆఫీసులో డ్రైవింగు లైసెన్సు పరీక్ష పెట్టేటప్పటి ముఖం పెట్టేశారు. 'రివర్సు రానివాడికి లైసెన్సు ఇచ్చెయ్యమంటున్నాడు, కుదరదు' అన్నారు. టైలరమ్మ, 'పోనీ ఇచ్చెయ్యండి, పాపం' అంది. ఆ పాపం అన్న మాట నాకు గుచ్చుకుంది. నీకూ గుచ్చుకుంటుందని తెలుసు. కాబట్టి లేదు. చిటికెకీ పాచికే. కాకపోతే ఆ ఇత్తడి పాచికే వేస్తాను, దెబ్బ తగలక ముందు నువ్వు నీ చేత్తో చేసుకున్నది. ఆదివారం గోలలో నాకు కుదరదు, ముందే ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని నీ వంతు వేసి పెట్టుకుంటాను.

మొదటిది వేశాను కూడా. సుంకం వసూలు చేసే ఇంటి తాళం. పది పడాలి. పన్నెండు పడింది! చిటికె లోపలికి దూరాడు, మీ బావ వర్తకుడు వాడి వెనకే వెళ్ళి, దొరికిపోతామేమోనని బల్ల కింద దాక్కున్నాడు.

ఇంకో సంగతి. మీ వర్క్‌షాపు ఓనరు ఊరెళ్తూ బస్టాండుకొచ్చి, మైకు గది కిటికీలో తల పెట్టాడు. 'వాడి లేతు మీద ఇంకెవర్నీ నిలబెట్టలేదమ్మా. వచ్చి మెల్లగా మొదలెట్టమను. చిన్న ముక్కలతో మొదలెడితే అదే వస్తుంది' అన్నాడు. ఆయన అన్నది అన్నట్టే రాశాను.

వేళకి తిను. పెయింటరుగారిని అడిగానని చెప్పు.

అక్క


జూన్ 20

అక్కా,

పన్నెండా! పేజీ పట్టుకుని వార్డంతా తిరిగాను. పెయింటరు మంచం మీద లేచి కూర్చుని, 'నేను చెప్పలా' అన్నాడు. ఆయన చెప్పింది ఏమీ లేదు, ఊరికే అన్నాడు. మూల మంచం పెద్దాయన ఇంతకాలం ఎవరితోనూ మాట్లాడలేదు, ఆయన కూడా 'తర్వాతేం చేస్తాడు మీ దొంగ' అని అడిగాడు.

నువ్వు కోరిక కాదన్నావని చదవగానే మండుకొచ్చింది, నిజం చెప్తున్నాను. కింద పన్నెండు చూశాక మంట పోయింది. నువ్వు ఊరికే ఇచ్చుంటే ఇంత సంబరం ఉండేది కాదు. వాడు తప్పిపోయే వీలుండీ తప్పలేదు. ఆ సాయంత్రమే ఒక క్లిప్పు ఎవరి సాయం లేకుండా తాడుకి తగిలించాను. రెండోది జారింది, పోనీ.

ఇప్పుడు చిటికె ఎత్తు రాస్తున్నాను. మనవాళ్ళిద్దర్నీ కోటలో బంధించారని బావ ఫోన్లో చెప్పాడు. చిటికె ఒక్కడే బయట ఉన్నాడు. వాడు కోట వెనకవైపు నీటి గేటు దగ్గరికి ఈదుకుంటూ వెళ్తాడు. పెద్ద తాళం, తుప్పు పట్టింది, చీకట్లో వేళ్ళతో తడిమి తియ్యాలి. చాలా ఎక్కువ పడాలని తెలుసు. అయినా వాడు వెనక్కి రాడు. వాళ్ళని వదిలేసి వచ్చే రకం కాదు.

ఇక్కడి ఆస్పత్రి ఆఫీసు పెద్దాయన నిన్న పిలిచాడు. కౌంటర్లో చీటీలిచ్చే పని ఖాళీగా ఉందట. కూర్చునే పని, చేతికి శ్రమ లేదు, కావాలంటే నీదే అన్నాడు. నెలాఖరులోగా చెప్పమన్నాడు. ఓనరు నిజంగా అలాగే అన్నాడా? లేతంటే నాకు ప్రాణమని నీకు తెలుసు. కానీ వెళ్ళాక, నా ముందు ఇంకొకడు దాని మీద పనిచేస్తుంటే నేను చూడలేను. అంతకంటే ఇక్కడ చీటీలు చింపుకోవడం నయం. నిన్ను నమ్మే తేల్చుకుంటాను.

తమ్ముడు


జూన్ 25

తమ్ముడూ,

ఇది చదివితే ఎగిరి గంతేస్తావురా! నీటి గేటుకి పదహారు పడాలన్నాను. మీ బావ 'అయిపోయాం' అని తల పట్టుకున్నారు. పద్దెనిమిది పడింది. పద్దెనిమిది!

నువ్వు చూసుండాల్సింది. చిటికె నీళ్ళలో మెడ వరకు మునిగి, కళ్ళు మూసుకుని, తాళం లోపల ఒక్కో పన్నూ లెక్కపెట్టుకుంటూ తిప్పాడని చెప్పాను. తాళం నీళ్ళలో పడ్డ చప్పుడు కూడా చేసి చూపించాను. టైలరమ్మ ఒళ్ళో కుట్టుపని పక్కన పడేసి చప్పట్లు కొట్టింది. రెండు వారాలకి సరిపడా కథ దొరికింది, ఇప్పుడందరూ పడవలో పారిపోతున్నారు.

కౌంటరు పని గురించి. నీకెలా తోస్తే అలా చెయ్యి. కానీ ఓనరు అన్నది నిజమేరా, ఎన్నిసార్లడిగినా అదే చెప్తాను. నీ లేతు నీకోసమే ఉంది. వేళ్ళు బాగయ్యేదాకా తొందరేం లేదన్నట్టే మాట్లాడాడు. నువ్వు దిగులు పెట్టుకోకు, అన్నీ సర్దుకుంటాయి.

అక్క


జూన్ 30

అక్కా,

ఉత్తరం అందింది.

చిటికె ఇక ఏ తాళమూ తియ్యడు. వాణ్ణి పడవలోనే ఉంచెయ్యి. కౌంటరు పనికి ఒప్పుకుందామనుకుంటున్నాను. ఆఫీసు పెద్దాయన ఇంకో పది రోజులు గడువిచ్చాడు.

వేళ్ళు అలాగే ఉన్నాయి.

తమ్ముడు


జూలై 4

ఒరేయ్,

అంత చిన్న ఉత్తరమేంట్రా? డాక్టరమ్మ పేజీ నిండా రాయమంటే నాలుగు ముక్కలా? నొప్పిగా ఉందా? ఎవరైనా ఏమైనా అన్నారా? ఆ పెయింటరు గానీ నీ బుర్ర తింటున్నాడా?

మేమిద్దరం కూర్చుని ఆలోచించాం. నీకు కోపం ఆ పాచిక మీదేనని మీ బావ అన్నారు. మొదట్లోనే నీ మాట వినుంటే పోయేది, అంత దూరాన ఉన్నవాడికి ప్రతిదానికీ పరీక్ష పెడితే ఎవరికైనా విసుగొస్తుంది అన్నారు. మీ బావ! లైసెన్సుల విషయంలో సొంత చెల్లెల్నే ఇంటికి పంపేసిన మనిషి! టైలరమ్మ ముందే సరేనంది కదా. కాబట్టి ఒప్పుకున్నాం. ఇక నుంచి తాళాల దగ్గర పాచిక లేదు. చిటికె చెయ్యేస్తే తెరుచుకోవాల్సిందే. నువ్వడిగిందే. సంతోషమేనా? ఇప్పుడైనా ఒక మంచి ఎత్తు రాసి పంపు, ఆదివారం అందరం ఎదురు చూస్తుంటాం.

కౌంటరు పని మాత్రం తొందరపడి ఒప్పుకోకు.

అక్క


జూలై 8

అక్కా,

ఆ పాచిక మీద పద్దెనిమిది లేదు.

ఇంకోసారి చదువు. నేను చేసిన ఇత్తడి పాచిక మీద పద్దెనిమిది అనే అంకె ఎక్కడా లేదు. అంకెలన్నీ నేనే, కొనకి అంకె ఉన్న ఉక్కు పంచులు పెట్టి సుత్తితో కొట్టాను. పద్దెనిమిది కొట్టేటప్పుడు ఎవడో పలకరిస్తే మాట్లాడుతూ, ఎనిమిది పంచికి బదులు ఆరు పంచి తీశాను. ఇత్తడి మీద ఒకసారి దిగితే చెరపడం ఉండదు. పదహారు రెండుచోట్ల ఉంది. టర్నరునై ఉండి ఇలాంటి పని చేశానని ఎవరికీ చెప్పలేదు. ఇంకోటి చేసి దీన్ని మార్చేద్దామనుకున్నాను, ఇంతలో దెబ్బ తగిలింది.

కాబట్టి నీకు పద్దెనిమిది ఎలా పడింది?

వారం రోజులు క్లిప్పులు ముట్టుకోలేదు. నిజంగా ఎంత పడిందో నాకు తెలీదు, తెలిసినా ఏం లాభం లేదు. నేను మొదట అడిగినప్పుడు నువ్వు ఎదురుగా ఒప్పుకునుంటే సరే, అది మనందరం పెట్టుకున్న కొత్త రూలు. కాదన్నావు, అదీ సరే. కాదంటూనే చాటుగా ఇచ్చావు చూడు, దాన్ని ఏమనాలి? నేను గెలిచాననుకుని వార్డంతా తిరిగాను. మూల మంచం పెద్దాయన చేత 'తర్వాతేం చేస్తాడు' అనిపించాను. ఇప్పుడు వాళ్ళకి ఏం చెప్పాలి? మా అక్క నా చెవిలో పువ్వు పెట్టిందని చెప్పనా?

ఇప్పుడు అందరూ కూడి కోరిక తీరుస్తామంటున్నారు. బావ కూడానట! బావ ఒప్పుకున్నాడంటే నేను ఎంత పనికిరానివాడిలా కనిపిస్తున్నానో నాకు అర్థమైంది.

ఆట సంగతి వదిలెయ్. ఓనరు మాటలు కూడా ఇలాంటివేనా? 'లేతు నీకోసమే ఉంది, తొందరేం లేదు, అన్నీ సర్దుకుంటాయి.' ఆ మాటలు చదువుతుంటే నీ మైకు వినిపించింది. మరికొద్దిసేపట్లో వచ్చును. నేను కూడా ఆ కిటికీ దగ్గరికొచ్చిన పెద్దాయన లాంటివాణ్ణే నీకు.

తమ్ముడు


జూలై 11

తమ్ముడూ,

ముందు నిన్ను తిడతాను, తర్వాత నా సంగతి.

పద్దెనిమిది లేని పాచిక చేసి, నోరు మూసుకుని, మా మధ్యలో పెట్టి ఇంతకాలం ఆడతావా? ఎన్నిసార్లు నీకు పదహారు పడిందో, అందులో ఎన్ని నీ తప్పు పదహార్లో ఎవరు చెప్పాలి? మీ బావ భూతద్దం తెచ్చి పాచికని తిప్పి తిప్పి చూశారు. రెండో పదహారు కనబడగానే సోఫా మీద పడి నవ్వడం మొదలుపెట్టారు. 'అక్కాతమ్ముళ్ళిద్దరూ ఒకే తానులో ముక్కలు, దొంగ పాత్ర నీకే ఇవ్వాల్సింది' అని నన్నన్నారు. నాకు నవ్వు రాలేదు. వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

పన్నెండు నిజంగానే పడింది. నమ్మినా నమ్మకపోయినా అది నిజం. తర్వాత నీ ఉత్తరం వచ్చింది, క్లిప్పు తగిలించానని, వార్డంతా తిరిగానని. అది పక్కన పెట్టుకుని నీటి గేటుకి పాచిక వేశాను. నాలుగు పడింది. నాలుగు అని నీకెలా రాయను? చిటికె చెయ్యి జారిందని, వాళ్ళు లోపలే ఉండిపోయారని, అదీ నువ్వు క్లిప్పు తగిలించిన వారానికే! నా వల్ల కాలేదు. ఇరవై అంటే అతిగా ఉంటుందనిపించింది. పదిహేడా, పద్దెనిమిదా అని ఊగి, పద్దెనిమిది రాశాను. నీ మీద జాలితో కాదురా. జాలి అయితే మొదటే ఒప్పుకునేదాన్ని. నువ్వు సంతోషంగా ఉన్నది నాలుగు నెలల్లో అదే మొదటిసారి, దాన్ని నేను చెడగొట్టలేకపోయాను. అంతే.

మీ బావకి, టైలరమ్మకి ఆదివారం చెప్పేశాను. టైలరమ్మ కత్తెర కింద పెట్టి, 'అయితే నేనింకా జైల్లోనే ఉన్నానా?' అంది. రెండు వారాలు పడవలో వెళ్ళింది, పాపం, సముద్రం దాకా వెళ్ళిపోయింది. కుట్టే గుడ్డ మడతపెట్టేసింది. తర్వాత, 'నా వంతుకి కూడా ఇలాగే ఏమైనా వేశావా?' అని అడిగింది. లేదన్నాను. తలూపింది గానీ, నమ్మిందో లేదో నాకు తెలీదు. ఎప్పుడూ అలా అడగని మనిషి.

అప్పుడు అర్థమైంది నేను ఏం పాడు చేశానో. ఓనరు అన్నమాట నిజం. కానీ నిన్ను నమ్మించే నోరు నాకిప్పుడు లేదు. ఆయన చేతే నీకు ఫోన్ చేయిద్దామనుకున్నాను. చేయిస్తే, అక్క కాళ్ళావేళ్ళా పడి చెప్పించిందంటావు. అననంటావా? అంటావు. కాబట్టి ఊరుకున్నాను.

నువ్వు ఏం చెయ్యమంటే అది చేస్తాను. ఉత్తరం మాత్రం మానెయ్యకు.

అక్క


జూలై 15

అక్కా,

నీ మీద కోపం లేదని రాద్దామని కూర్చున్నాను. ఉంది. కొంచెం తగ్గింది. టైలరమ్మ 'ఇంకా జైల్లోనే ఉన్నానా' అన్నదగ్గర నవ్వొచ్చింది, అక్కడ తగ్గింది.

తప్పు పాచిక విషయంలో నువ్వు తిట్టింది న్యాయం. అందరికీ క్షమించమన్నానని చెప్పు. ఆ రెండో పదహారు మీద మార్కరుతో పద్దెనిమిది అని రాయించు బావ చేత. ఆయన రాస్తే ఎవరికీ అనుమానముండదు.

వార్డులో కూడా చెప్పేశాను. తల కొట్టేసినట్టయింది గానీ చెప్పేశాను. పెయింటరు, 'నీకోసం అబద్ధమాడే అక్క ఉంది, ఇంకేం కావాలి' అన్నాడు. మూల మంచం పెద్దాయన, 'నాకూ అందరూ బాగవుతుందనే చెప్పారు' అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇక్కడికి రాకముందే ఆయన కుడిచెయ్యి తీసేశారక్కా. తీసేస్తామన్న మాట ఆపరేషనుకి ముందురోజు దాకా ఎవరూ ఆయనతో అనలేదట.

కాబట్టి చెయ్యాల్సింది ఇది. నాలుగే లెక్క. చిటికె చెయ్యి జారింది, తాళం తెరుచుకోలేదు, చప్పుడుకి కాపలావాళ్ళు లేచారు. పడవ లేదు, సముద్రం లేదు. నా కోరిక కూడా లేదు, దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. వాడు పారిపోవచ్చు. పారిపోడు. గోడ ఎక్కి పైనుంచి తాడు వదిలి, వాళ్ళిద్దర్నీ లాగుతాడు. బాణాలు వస్తాయి. ఎంత పడాలో నువ్వు చెప్పు, ఉన్నది ఉన్నట్టు చెప్పు, తగ్గించకు. పాచిక ఆదివారం అందరి మధ్యా, పళ్ళెంలో, అందరూ చూస్తుండగా పడాలి. నేను ఆట మొదలెట్టినప్పుడు పెట్టిన మొట్టమొదటి రూలు అదే, నువ్వు ఇంట్లో ఒక్కదానివే వేస్తానన్నప్పుడు నేను కూడా ఊరుకున్నాను. ఊరుకోకూడదు.

ఫోన్ చెయ్యకు. ఏం పడిందో రాయి. ఆఫీసు పెద్దాయన మళ్ళీ అడిగాడు. ఇంకో ఉత్తరం రావాలి, అది చదివి చెప్తానన్నాను. చీటీల పనికీ ఉత్తరానికీ సంబంధమేంటయ్యా అన్నాడు. నాక్కూడా సరిగ్గా తెలీదు. కానీ ఆగుతాను.

తమ్ముడు


జూలై 20

తమ్ముడూ,

మూడు పడింది.

ముందు ఆ మాట రాసేశాను, లేకపోతే రాయలేనేమోనని. ఇప్పుడు జరిగింది చెప్తాను.

ఎనిమిది పడాలన్నాను. గోడ ఎత్తు, తడిసిన చేతులు, కింద విలుకాళ్ళు, అన్నీ లెక్కేసుకుని అన్నాను. ఇంకెవరికైనా అంతే అనేదాన్ని. తప్పితే ప్రాణం పోతుందని కూడా ముందే చెప్పాను. నీ వంతు ఎవరు వెయ్యాలంటే టైలరమ్మ చేతిలోకి తీసుకుంది. కళ్ళు మూసుకుని వేసింది. పాచిక పళ్ళెం అంచుకి తగిలి, వెనక్కొచ్చి, మధ్యలో ఆగింది. మూడు. ముగ్గురం ముందుకి వంగి చూశాం.

అప్పుడు ఎవరన్నారో తెలుసా? మీ బావ. 'అంచుకి తగిలింది కదా, అది లెక్క కాదు, మళ్ళీ వెయ్యండి' అన్నారు. నేను ఆయన ముఖంలోకి చూశాను. 'పరీక్షలో ఎవరికైనా కారు రాయికి తగిలిందని మళ్ళీ అవకాశం ఇచ్చారా మీరు?' అన్నాను. ఇవ్వలేదన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ వేద్దామని నాకెంత ఉందో నీకు తెలీదురా. నాలుక చివరిదాకా వచ్చింది. వద్దన్నాను.

చిటికె గోడ మీద దాకా ఎక్కాడు. తాడు వదిలాడు. టైలరమ్మ సన్యాసిని ముందు పైకొచ్చింది, బావ వర్తకుడు సగంలో ఉన్నాడు. అప్పుడు బాణం తగిలింది. తాడు పట్టుకున్న చెయ్యి వదిలేశాడు. అంతే. నేను కథ పెంచలేదు, ఎవరూ ఏడ్చేలా ఏమీ కలపలేదు, రూలు ఎక్కడిదాకా ఉందో అక్కడ ఆపేశాను. సన్యాసిని తప్పించుకుంది. వర్తకుడు మళ్ళీ లోపలే పడ్డాడు, వాణ్ణి తర్వాత చూస్తాం. చచ్చినవాడు తిరిగి రాడు. అదీ నీ రూలే.

తర్వాత కాగితం ముందు కూర్చున్నాను. తొమ్మిది అని రాస్తే సరిపోయేది. తొమ్మిది ఆ పాచిక మీద ఉంది, భూతద్దంతో చూశాను కూడా. మీ బావ, టైలరమ్మ, అడిగితే తొమ్మిదేనని చెప్పేవాళ్ళు, వాళ్ళ ముఖాలు చూస్తే తెలిసింది. ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. టీ చల్లారిపోయింది. నువ్వు మూడు చదివి, ఇక నాకేమీ లేదని ఆ కౌంటర్లో కూర్చుండిపోతావేమోనని భయం. అయినా మూడే రాశాను. ఎందుకంటే నీకు ఇంకోసారి అబద్ధం రాస్తే, ఇక నేను ఏం రాసినా నీకు అక్క లేనట్టే.

చిటికె అంటే నాకు ఇష్టంరా. నువ్వు పదేళ్ళు ఆడిన మనిషి. నా చేత్తోనే చంపాల్సొచ్చింది.

అక్క


జూలై 24

అక్కా,

ఉత్తరం మంచం మీద కూర్చుని చదివాను. 'మూడు పడింది' అన్నచోట ఆగిపోయి, కిటికీ దగ్గరికెళ్ళి నిలబడ్డాను. పెయింటరు 'ఏమైంది' అన్నాడు. పోయాడన్నాను. ఆయనకి ఏం అర్థమైందో, వచ్చి భుజం మీద చెయ్యేశాడు. ఒక దొంగవెధవ కోసం ఇద్దరు మగాళ్ళం కిటికీ దగ్గర నిలబడి ముక్కులు చీదాం. నవ్వుకో.

ఆ తర్వాత మిగతాది చదివాను. నీ అక్షరాలు నా వాటికంటే వంకరగా ఉన్నాయి. చాలాచోట్ల పెన్ను ఆగి, చుక్క పడింది. ఆ చుక్కలు చూస్తుంటే, నువ్వెంత కష్టపడి రాశావో నాకు తెలిసింది.

అప్పుడు దిండు కింది నుంచి నీ మొదటి ఉత్తరం తీశాను. ఓనరు అన్న మాటలు మళ్ళీ చదివాను. 'వాడి లేతు మీద ఇంకెవర్నీ నిలబెట్టలేదమ్మా.' అవే మాటలు, అదే కాగితం. ఇన్నాళ్ళూ చదివితే లోపల ఏదో వద్దు వద్దంది. ఈసారి అనలేదు. చిటికెని నాకోసం బతికించలేదు నువ్వు, అంత చెయ్యాలనుండి కూడా. అలాంటిదానివి నాకోసం ఓనరు అనని మాట అన్నాడని రాయవు. నాకు తెలుసు.

ఆఫీసు పెద్దాయనకి వద్దని చెప్పాను. మూల మంచం పెద్దాయన పేరు చెప్పాను. ఆయన ఎడమచేత్తో చీటీలు బాగానే చింపుతాడు, నేను చూశాను. పిలిచి మాట్లాడుతున్నారు.

వేళ్ళు బొటనవేలికి ఇంకా సరిగ్గా అందడం లేదు. డాక్టరమ్మ ఇక్కడ చెయ్యాల్సింది అయిపోయింది, మిగతాది పనిలోనే రావాలంది. పూర్తిగా ఎప్పటికీ రాకపోవచ్చని కూడా అంది. అడిగితేనే చెప్పింది, నేనే అడిగాను.

శనివారం వస్తున్నాను. సోమవారం లేతు ముందు నిలబడతాను. ఓనరు దగ్గరికెళ్ళి ఒక్క మాట చెప్పు అక్కా. మొదటి ముక్క పాడవుతుంది. రెండోదీ పాడవుతుందేమో. పాడైనదాన్ని బాగుందని అనొద్దనీ, నా ముఖం మీదే పాడైందని చెప్పి ఇంకో ముక్క చేతికివ్వమనీ చెప్పు.

తమ్ముడు